పోరగాళ్ళు తిడితేనే ఉరుకుతున్నరు, మెచ్చుకుంటే చల్లబడుతున్నరు – నెలల తరబడి నిలబడాలంటే ఏది పనిచేస్తది?

గ్రౌండ్_ఐదున్నర
హన్మకొండ జేఎన్ఎస్ స్టేడియం‌ల కానిస్టేబుల్ ఫిజికల్స్‌కు పొద్దున బ్యాచ్ నడిపిస్తున్న. మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకండ్లల కొట్టాలె. గట్టిగ తిట్టిన్నాడు అందరు ఉరుకుతరు. లేటొచ్చినోనికి రెండు రౌండ్లు ఎక్స్‌ట్రా వేస్తే తెల్లారి టైముకే వస్తడు. నేను ఒక్క దినం రాకుంటే మాత్రం సగం మంది టీ బండి కాడ్నే ఉంటరు. సరే, మెచ్చుకుంట చేపిద్దామంటే, శభాష్ అన్నోని టైము తెల్లారే పడిపోతున్నది. మరి తిట్టుడే కరెక్టు అనుకోవాల్నా? నోటిఫికేషన్ ఎప్పుడొస్తదో ఎవ్వలికి తెల్వదు, అప్పటిదాక వీళ్ళను నిలబెట్టాలె. నీతులు వద్దు. రేపు గ్రౌండ్‌ల ఏం చెయ్యాల్నో చెప్పుండ్రి.

వర్ధన్నపేట_రాజన్న
తిట్టుడే కరెక్టు తమ్మీ. సారు బరిగె పట్టుకుంటనే ఎక్కాలు నోటికి వచ్చినయి మన కాలంల. పొగిడితే నెత్తికెక్కుతరు.

మనసు_లెక్కలు
గ్రౌండ్ అన్నా, మెచ్చుకున్న తెల్లారి టైము పడిపోవడం, తిట్టిన తెల్లారి బాగుపడటం మీ కళ్ళ ముందు జరుగుతున్నదే. అయితే దానికి కారణం మీ మాటే అనుకోవడం దగ్గర తప్పు జరుగుతున్నది. డేనియల్ కానెమాన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇజ్రాయెల్ వైమానిక దళం శిక్షకులకు పాఠం చెప్తుంటే ఒక శిక్షకుడు లేచి సరిగ్గా ఇదే వాదన చేశాడు: విమానం బాగా నడిపినవాణ్ని మెచ్చుకుంటే తర్వాతిసారి చెడగొడతాడు, చెడగొట్టినవాణ్ని అరిస్తే తర్వాతిసారి బాగా నడుపుతాడు అని.

లెక్క చూడండి. ఒక పిల్లవాడి 400 మీటర్ల టైము సగటున 1:50 అనుకుందాం. నిద్ర, తిండి, ఎండ, పక్కన ఉరికేవాడు, వీటిని బట్టి ఒకరోజు 1:44, ఒకరోజు 1:56 వస్తుంది. 1:56 వచ్చిన రోజే మీరు తిడతారు. అది వాడి చెత్త రోజు కాబట్టి తెల్లారి మామూలుగానే 1:50 దగ్గరికి వస్తాడు. 1:44 వచ్చిన రోజే మెచ్చుకుంటారు. అది వాడి మంచి రోజు కాబట్టి తెల్లారి మళ్ళీ 1:50. తిట్టు పనిచేసినట్టు, మెప్పు చెడగొట్టినట్టు కనపడుతుంది. మీరు నోరు విప్పకపోయినా ఈ రెండూ జరిగేవే.

నమ్మకం లేకపోతే రెండు వారాలు ఎవరినీ తిట్టకండి, మెచ్చుకోకండి, టైములు మాత్రం రాయండి. చెత్త రోజు తర్వాత ఎంతమంది బాగుపడ్డారో లెక్కపెట్టండి.

గ్రౌండ్_ఐదున్నర
ఇది నేను ఎన్నడు ఆలోచించలే. అయితే లేటు సంగతేంది? ఎక్స్‌ట్రా రౌండ్లు వేసినంక టైముకు వస్తున్నది నిజమే కదా, అది ఊకె అట్ల కనపడుడు కాదు.

మనసు_లెక్కలు
లేటు విషయంలో శిక్ష నిజంగానే పనిచేస్తుంది, మీరున్నంతసేపు. మీరు లేని రోజు టీ బండి దగ్గర ఉంటున్నారని మీరే రాశారు. వాళ్ళు తప్పించుకుంటున్నది మిమ్మల్ని. మీరు రాకపోతే తప్పించుకోవాల్సిందే లేదు, ఇక ఉరకడానికి కారణమే మిగలదు.

ట్రాక్_మూడోలేన్
ముందు ఆ ఎక్స్‌ట్రా రౌండ్లు బంద్ పెట్టు అన్నా. పరుగునే శిక్ష చేస్తే, ఏ పని మీద ఇష్టం పెరగాల్నో ఆ పనే జరిమానా అయితది. పిల్లలు ట్రాక్ చూస్తేనే మొఖం మాడ్చుకుంటరు. లేటొచ్చినోనికి శిక్షే కావాలంటే కోన్లు సర్దుడు, నీళ్ళ క్యాన్ మోసుడు పెట్టు. ఉరుకుడు మాత్రం వద్దు.

ఇంకోటి, భయం టైమును ఎట్ల ఖరాబ్ చేస్తదో చూడు. 7:15 అంటే 435 సెకండ్లు, నాలుగు రౌండ్లు, రౌండుకు 1:48 చిల్లర. "టైమవుట్ అయితరు బే" అని ఒర్రితే పిల్లగాడు మొదటి రౌండ్ 1:25 కొడతడు. రెండోది 1:45. మూడో రౌండ్ కాడ గాలి అందదు, 2:05. నాలుగోది ఇంకో 2:05. మొత్తం 7:20, 5 సెకండ్లతోని ఫెయిల్. గదే పిల్లగాడు నాలుగు రౌండ్లు 1:46 లెక్క పోతే 7:04ల అయిపోతది. కాళ్ళల్ల దమ్ము రెండుసార్లు ఒక్కటే. తేడా అంతా మొదటి 400ల ఉంటది, ఆ తేడాకు కారణం బుగులు.

అందుకని అరుపు జాగల విజిల్ పెట్టు. 200 మీటర్లకో కోను పెట్టి, ప్రతి 53 సెకండ్లకు విజిల్ ఊదు. విజిల్ ఊదేటప్పటికి పిల్లగాడు కోను కాడ ఉండాలె. ముందు పోయినా తప్పే, ఎన్కబడ్డా తప్పే, రెండింటికి ఒక్కటే గుర్తు పెట్టు. నాలుగైదు వారాలకు విజిల్ లేకున్నా ఒంటికి ఆ అంచనా వస్తది. గప్పుడు నువ్వు లేని దినం కూడ వాళ్ళకు వాళ్ళే ఉరుకుతరు, ఎందుకంటే మంచిగ అయ్యిందా లేదా అన్నది నిన్ను అడగకుండనే తెలుస్తది.

ఎవని టైము వాడే నోటుబుక్కుల రాయాలె, నువ్వు రాయొద్దు. నాలుగు గడులు: రౌండ్ 1, 2, 3, 4. మొత్తం కింద రాయాలె, చిన్నగ. మూడో గడి అన్నింటికంటే ముఖ్యం.

పరకాల_మధు
మూడో రౌండ్ సంగతి వంద శాతం కరెక్టు. మొదటి రౌండ్ల ముందున్నోడు ఆఖరుకు ఎన్కనుంచి ముందుంటడు 😀

వర్ధన్నపేట_రాజన్న
విజిల్ మంచిదే, ఒప్పుకుంట. కని భయమే లేకుంట ఏ పని నడవది. పోలీసు, మిలిటరీ, సింగరేణి, అన్ని భయం మీదనే నడుస్తయి కదా.

ఓవర్‌మెన్_గోదావరిఖని
రాజన్నా, సింగరేణి పేరెత్తినవు కాబట్టి చెప్తున్న. బొగ్గుబాయిల భయం పనిచేసే జాగ ఉన్నది, అది శానా చిన్నది. మీథేన్ 1.25 శాతం దాటితే కరెంటు బంద్ చేసి మనుషులను బయటికి పంపాలె, దీంట్ల ఇంకో మాట లేదు. సపోర్టు లేని కప్పు కిందికి పోవద్దు. అగ్గిపెట్టె, బీడి లోపలికి తేవద్దు. వీటికి శిక్ష గట్టిగ ఉండాలె, అందరికి ఒక్క తీరుగ ఉండాలె, ఓవర్‌మెన్ (షిఫ్టు సూపర్‌వైజర్) దోస్తయినా సరే. ఇవన్నీ "చెయ్యొద్దు" అనే పనులు. "చెయ్యొద్దు" మనిషికి భయంతోని ఎక్కుతది.

అసలు పని మాత్రం "చెయ్యి" అనేది. షిఫ్టు మొదట్ల రాడ్డుతోని కప్పు కొట్టి వినాలె. గట్టి కప్పు గణగణ మంటది, ఊడొచ్చే కప్పు డొల్ల శబ్దం చేస్తది. ఎవడూ చూడనప్పుడు కూడ ప్రతి అడుగుకు కొట్టి వినుడు భయంతోని రాదు. భయపడ్డోడు ఓవర్‌మెన్ చూస్తున్న కాడ నాలుగు దెబ్బలు గట్టిగ కొట్టి పోతడు. పని తెలిసినోడు మూలలల్ల కొడతడు, చెవి పెట్టి వింటడు.

మరోటి. చిన్న పెళ్ళ ఊడిపడ్డది, ఎవ్వలికి తాకలే. దాన్ని చెప్పినోనికి చార్జిషీటు ఇచ్చినవనుకో, ఇంక ఎవడూ చెప్పడు. కాయితం మీద ప్రమాదాలు తగ్గినట్టు కనపడతయి, బాయిల పెరుగుతయి. అందుకని తెలిసి నిబంధన తప్పినోడు వేరు, జరిగిన తప్పు వచ్చి చెప్పినోడు వేరు. చెప్పినోణ్ని ఏమనొద్దు, అందరి ముందు మంచిపని చేసినవనాలె. ఈ రెండింటిని ఒక్క గాటన కడితే ఎంత మోటివేషన్ క్లాసు పెట్టినా లాభం లేదు.

మనసు_లెక్కలు
ఓవర్‌మెన్ గారు చెప్పిన ఆఖరు మాటకు ఆసుపత్రుల్లో చేసిన పరిశోధన ఉంది. ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో నర్సుల బృందాలను చూస్తే, మంచి నాయకత్వం ఉన్న బృందాల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువ నమోదయ్యాయి. అక్కడ పొరపాట్లు ఎక్కువ జరగలేదు, చెప్పుకోవడం ఎక్కువ జరిగింది.

గ్రౌండ్_ఐదున్నర
ఓవర్‌మెన్ అన్నా, ఇది మా కాడ కాలు నొప్పికి అతుకుతది. తిడుతనని పిల్లలు నొప్పి చెప్పరు. కుంటుతుంటే గాని బయటపడదు.

ట్రాక్_మూడోలేన్
అది శానా ప్రమాదం. మోకాలి కింద ముందు ఎముక, లోపలి అంచు వెంబడి వేలుతోని నొక్కి చూడు. జానెడు పొడుగున అంతా సలుపుతుంటే ఉరుకుడు సగానికి తగ్గించు, మట్టి మీద ఉరికించు, అరిగిపోయిన బూట్లు మార్పించు. వేలు మందం ఒక్క జాగల్నే నొక్కంగనే ఎగిరిపడితే ఎముకల సన్న పగులు ఉండొచ్చు. ఆ దినమే ఉరుకుడు బంద్, ఎముకల డాక్టరుకు చూపించాలె. దాంతోని ఇంకో నెల ఉరికితే మూడు నెలలు మంచం. వారంల ఒక దినం "ఎవలికి ఎక్కడ నొస్తున్నది" అని నువ్వే అడుగు, చెప్పినోనికి ఆ దినం వేరే పని ఇయ్యి, షాట్‌పుట్ లాంటిది. ఇంటికి పంపితే మళ్ళ చెప్పరు.

రీడింగ్‌రూం_సుబేదారి
మాది ఇసొంటి పంచాయితే. రీడింగ్ రూంల పొద్దున 6కు రావాలని రూలు. లేటొస్తే 20 రూపాయల ఫైన్ పెట్టినం. ఫైన్ పెట్టినంక లేటొచ్చుడు ఇంకా ఎక్కువైంది! ఫైన్ 50 చెయ్యాల్నా?

మనసు_లెక్కలు
అక్కా, పెంచకండి. ఇజ్రాయెల్‌లోని హైఫాలో 10 పిల్లల సంరక్షణ కేంద్రాల మీద గ్నీజీ, రుస్టికీనీ చేసిన ప్రయోగం 2000లో అచ్చయింది. పిల్లలను సాయంత్రం లేటుగా తీసుకెళ్ళే తల్లిదండ్రులకు కొన్ని కేంద్రాల్లో జరిమానా పెట్టారు. లేటు వచ్చేవాళ్ళు దాదాపు రెట్టింపయ్యారు. జరిమానా తీసేసిన తర్వాత కూడా తగ్గలేదు. అంతకుముందు ఆయమ్మ ఎదురుచూస్తుందని మొహమాటం ఉండేది. డబ్బు కట్టడం మొదలయ్యాక అది ధర అయిపోయింది, డబ్బు పడేస్తే లెక్క తీరిపోయింది. మీ దగ్గర 20 రూపాయలు కూడా అట్లా లేటు టికెట్టు అయ్యాయి.

రీడింగ్‌రూం_సుబేదారి
మరి తీసేసినా తగ్గదంటున్నరు కదా, ఇప్పుడేం చెయ్యాలె?

స్టడీహాల్_నయీంనగర్
డబ్బు ముచ్చట పూర్తిగ తీసెయ్యండి. 6:15 వరకు రాకుంటే ఆ దినానికి ఆ కుర్చీ వెయిటింగ్‌ల ఉన్నోళ్ళకు పోతది, అంతే. తిట్టుడు లేదు, వివరణ అడుగుడు లేదు, తెల్లారి మళ్ళ ఆయన కుర్చీ ఆయనదే. రెండోది, 6:05కు 10 ప్రశ్నల కరెంట్ అఫైర్స్ బోర్డు మీద రాయండి, 6:15కు తుడిచేయండి. ఫోటో పెట్టొద్దు, వాట్సాప్‌ల పంపొద్దు. లేటొచ్చినోళ్ళకు ఏం పోయిందో కండ్ల ముందు కనపడుతది. మూడోది, లేటొచ్చేటోళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నరో అడగండి. ధర్మసాగర్ నుంచో హసన్‌పర్తి నుంచో మొదటి బస్సే అందకపోతే ఆయనకు మోటివేషన్ ఏం జేస్తది, 6:45 స్లాట్ ఇయ్యండి.

మంచిర్యాల_కిరణ్
ఫైన్ కన్నా బహుమతి నయం కదా. గ్రౌండ్ అన్న వారం వారం ఫస్టొచ్చినోనికి 500 పెడితే అందరు ఉరుకుతరు.

మనసు_లెక్కలు
ముందే ప్రకటించిన బహుమతికీ అదే చిక్కు. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ బొమ్మలు వెయ్యడం ఇష్టమున్న నర్సరీ పిల్లలను తీసుకున్నారు. కొందరికి "బొమ్మ వేస్తే బంగారు ముద్ర, రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. కొన్నాళ్ళ తర్వాత చూస్తే ఈ పిల్లలు సొంతంగా బొమ్మలు వేసే సమయం మిగతావాళ్ళతో పోలిస్తే సగానికి పడిపోయింది. అదే సర్టిఫికెట్ చెప్పకుండా, అయిపోయాక ఇచ్చినవాళ్ళలో తగ్గలేదు. ఇష్టం ఉన్న పనికి ముందే రేటు కడితే ఇష్టం చచ్చిపోతుంది. అసలు ఇష్టమే లేని పనికి, కోన్లు సర్దడం లాంటి వాటికి, చిన్న బహుమతి ఇస్తే నష్టం లేదు, అక్కడ పోయేదేమీ లేదు కాబట్టి.

పైగా 500 పెడితే గెలిచేది ఎప్పుడూ ఆ ఇద్దరు ముగ్గురే. 7:40 దగ్గర ఉన్నవాడికి మొదటి వారంలోనే తెలిసిపోతుంది ఇది తనది కాదని. మీకు మోటివేషన్ అవసరమైంది వాడికే.

కొత్తవాడ_మగ్గం
కిరణ్ తమ్మీ, కూలి లెక్కల మేము చూసేది ఇదే. జంపఖానకు చదరపు అడుగు లెక్కన కూలి, నాణ్యత చూసేటోడు లేకపోతే ఏమైతది? పేక (అడ్డం దారం) గట్టిగ కొట్టరు. చూడడానికి అడుగులు అయితయి, దులిపితే వదులు తెలుస్తది, అంచు ఒంకర వస్తది, రెండు ఉతుకులకు సాగుతది. కూలి తక్కువిస్తే పని రాదు, అది వేరే ముచ్చట, కూలి సరిగ్గ పడాలె. మంచి పని చేపియ్యాలంటే బట్ట దింపినప్పుడు నేసినోని ముందటే పరచి, ఏ మూల మంచిగొచ్చింది, ఏ మూల వదులైందో చెయ్యి పెట్టి చూపియ్యాలె. నేసినోని పేరు ఆ బట్టకు కట్టాలె. వరంగల్ జంపఖానలకు 2018ల జీఐ గుర్తింపు వచ్చింది కని, దాని మీద నేసినోని పేరుండదు.

వర్ధన్నపేట_రాజన్న
ఈ ఆఖరు ముచ్చట బాగున్నది. పేరుంటే ఎవడైనా జాగ్రత్త పడుతడు.

హుస్నాబాద్_తెలుగుటీచర్
రాజన్న గారూ, బరిగె గురించి ఒక మాట. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 17 ప్రకారం కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా నిషేధం. చట్టం పక్కన పెట్టినా, బరిగె నేర్పేది ఎక్కాలు అప్పజెప్పడం వరకే. "రెండు కిలోల ధర ఇంత, ఐదు కిలోలు ఎంత" అంటే అదే పిల్లవాడు సారు మొఖం చూస్తాడు, లెక్క చూడడు.

మెప్పు కూడా సరిగ్గా చెయ్యకపోతే పనికిరాదు. నోటుబుక్కులో "గుడ్" అని రాసి సంతకం పెడితే పిల్లలు దాన్ని చదవరు కూడా. "మొదటి పేరాలో ఊరి చెరువు వర్ణన కళ్ళకు కట్టింది. రెండో పేరాలో ఎవరు మాట్లాడుతున్నారో తెలియలేదు, ఆ రెండు వాక్యాలు మళ్ళీ రాయి" అని రాస్తే రాస్తారు. మార్కులు, వ్యాఖ్య రెండూ కలిపి ఇస్తే మార్కులే చూస్తారు. రూత్ బట్లర్ 1988లో చూపించింది ఇదే: వ్యాఖ్య ఒక్కటే అందుకున్న పిల్లల పని మెరుగైంది, మార్కులు కలిపితే వ్యాఖ్య ఫలితం పోయింది. అందుకని దిద్దిన రోజు వ్యాఖ్య ఇచ్చి, తిరగరాశాకే మార్కు వెయ్యడం మేలు. క్లాసులో 40 మంది ఉంటే అందరికీ రోజూ రాయలేం. రోజుకు 8 నోటుబుక్కులు, వారంలో అందరివీ అయిపోతాయి.

ట్రాక్_మూడోలేన్
టీచర్ అక్క చెప్పినట్టే గ్రౌండ్‌ల. "సూపర్ రా" అంటే వాడేం పట్టుకోవాలె? "మూడో రౌండ్ 1:58 ఉండె, ఇయ్యాల 1:51, భుజాలు పైకి లేవలే" అంటే రేపు కూడ భుజాలు చూసుకుంటడు.

నీట్_ఫిజిక్స్_హన్మకొండ
నెగెటివ్ మార్కుల భయం గురించి ఎవరూ రాయలేదు. నీట్‌లో 180 ప్రశ్నలు, ఒప్పుకు 4, తప్పుకు మైనస్ 1. పిల్లలకు "నెగెటివ్ పడుతుంది జాగ్రత్త" అని రోజూ చెప్పి చెప్పి, సగం తెలిసిన ప్రశ్నలు కూడా వదిలేసేటట్టు చేస్తున్నాం. కళ్ళు మూసుకొని పెట్టినా సగటున ప్రశ్నకు 0.25 లాభమే. ఒక ఆప్షన్ కొట్టేయగలిగితే 0.67. రెండు కొట్టేస్తే 1.5. రెండు ఆప్షన్లు కొట్టేసిన ప్రశ్నలు 12 వదిలేస్తే సగటున 18 మార్కులు పోయినట్టు.

అంటే అన్నీ గుడ్డిగా పెట్టమని కాదు, 0.25 కోసం టైము పెట్టే పని లేదు. ప్రతి గ్రాండ్ టెస్టు తర్వాత వదిలేసిన ప్రశ్నల పక్కన ఎన్ని ఆప్షన్లు కొట్టేయగలిగేవాడో పిల్లవాడితోనే రాయించాలి. భయానికి ఒక అంకె వచ్చేసరికి అది తగ్గుతుంది.

మనసు_లెక్కలు
దీనికి పాత ప్రయోగమే ఉంది. 1908లో యెర్క్స్, డాడ్‌సన్ ఎలుకలకు తెలుపు, నలుపు తేడా నేర్పారు, తప్పు చేస్తే కరెంటు షాక్. తేడా తేలిగ్గా కనపడినప్పుడు షాక్ పెరిగేకొద్దీ తొందరగా నేర్చుకున్నాయి. తేడా పట్టడం కష్టం చేసినప్పుడు గట్టి షాక్ పనిని చెడగొట్టింది, మధ్యస్థం కంటే పెరిగితే నేర్చుకోవడం ఆలస్యమైంది. ఓవర్‌మెన్ గారి అగ్గిపెట్టె రూలు తేలిక పని, అక్కడ భయం సరిపోయింది. ఫిజిక్స్ ప్రశ్న కష్టమైన పని.

పరకాల_మధు
అన్నీ సరే, కసి సంగతేంది? పర్వతగిరి మండలం కల్లెడ దీప్తి జీవాంజి. చిన్నప్పుడు ఊర్లె ఎంత ఎగతాళి చేసినరో అందరు చదివినం. 2024ల జపాన్ కోబేల పారా అథ్లెటిక్స్ ప్రపంచ పోటీలల్ల 400 మీటర్లు (టీ20 విభాగం) 55.07 సెకండ్లు, అప్పటికి ప్రపంచ రికార్డు. పారిస్ పారాలింపిక్స్‌ల కాంస్యం. ఎగతాళే ఆమెను ఉరికించింది కదా?

ట్రాక్_మూడోలేన్
మధూ, ఎగతాళి పడ్డ పిల్లలు మన ఊర్లల్ల వేలమంది ఉన్నరు. ఎగతాళే ఉరికిస్తే అందరు ఉరకాలె కదా. ఆమెకు నాగపురి రమేశ్ సార్ లాంటి కోచ్ దొరికిండు, హైదరాబాద్‌ల ఏండ్ల తరబడి ట్రైనింగ్ దొరికింది, ఇంటోళ్ళు కష్టపడి నిలబడ్డరు. 400 మీటర్లల అర సెకండు తగ్గాలంటే ఒక సీజన్ అంతా పడుతది. పొద్దున 200 మీటర్ల రిపీట్లు, మధ్యల కొలిచిన రెస్టు, మళ్ళ 200. గంతసేపు కోపం మీద ఎవ్వలు నడవలేరు. ఎగతాళి చేసినోళ్ళకు ఆమె పతకంల వాటా ఇయ్యకు.

పరకాల_మధు
ఆఖరు మాటకు దండం అన్నా. వాపసు తీసుకుంటున్న.

జమ్మికుంట_గ్రూప్2
అన్నలకు ఒక ప్రశ్న. కోచింగ్ లేకుండా ఇంట్లనే చదువుతున్న. నన్ను తిట్టేటోళ్ళు లేరు, మెచ్చుకునేటోళ్ళు లేరు. "ఈసారి రాకపోతే చుట్టాల ముందు మొఖం ఎట్ల చూపియ్యాలె" అన్న ఆలోచనతోనే పుస్తకం తీస్త. రెండు గంటలైనంక అదే ఆలోచనతో పుస్తకం మూస్త. ఇది ఎట్ల?

మనసు_లెక్కలు
చెల్లే, "ఫెయిల్ కావద్దు" అన్న లక్ష్యంలో ఇవాళ ఏం చెయ్యాలో ఉండదు. ఎంత చదివినా ఆ భయం తీరదు, ఎందుకంటే ఫలితం వచ్చేదాకా ఫెయిల్ కాలేదని ఎవరూ చెప్పలేరు. పుస్తకం మూస్తే మాత్రం కాసేపు ఊరట దొరుకుతుంది. ఆ ఊరటే మూసే అలవాటును గట్టిపరుస్తుంది. దీనిని పట్టుదల లేకపోవడం అనుకోకు.

ఇట్లా చెయ్యి. రాత్రి పడుకునే ముందు ఒక చీటీ మీద సమయం, చోటు, పని కలిపి ఒకే వాక్యం రాయి: "పొద్దున చాయ్ గ్లాసు కింద పెట్టగానే, కిటికీ పక్క కుర్చీలో, తెలంగాణ ఉద్యమం 1969 భాగం నుంచి 25 బిట్లు." "అప్పుడు ఇది" అని ముందే కట్టుకున్నవాళ్ళు ఊరికే "బాగా చదవాలి" అనుకున్నవాళ్ళకంటే పని పూర్తిచేస్తారని గోల్విట్జర్ 1999లో రాశాడు, తర్వాత చాలా ప్రయోగాలు అదే చూపించాయి. చుట్టాల ఆలోచన వచ్చినప్పటికీ ఒక వాక్యం పెట్టుకో: "ఆ ఆలోచన వస్తే, ఇంకో 5 బిట్లు చేసి లేస్తా." పుస్తకం మూసేది భయం దగ్గర ఉండొద్దు, లెక్క దగ్గర ఉండాలి.

స్టడీహాల్_నయీంనగర్
ఇంకోటి చెల్లే, గంటలు లెక్కపెట్టకు. గంటలు కూసున్నందుకు పెరుగుతయి. తప్పుపోయిన బిట్లు వేరే నోటుబుక్కుల రాసుకో, మూడో రోజు, పదో రోజు మళ్ళ చెయ్యి. ఒప్పైతే కొట్టెయ్యి. కొట్టేసినవి పెరుగుతుంటే అది నీ జీతం లెక్క.

జమ్మికుంట_గ్రూప్2
చీటీ ఇయ్యాల రాత్రి నుంచే. మూడు, పది రోజుల లెక్క క్యాలెండర్ మీద రాసుకుంట.

వర్ధన్నపేట_రాజన్న
తమ్ములూ, ఒకటి మాత్రం నేను వదల. తప్పు చేసినోణ్ని ఏమనకుంట పోతే మంచిగ చేసేటోడు "నేనెందుకు చెయ్యాలె" అనుకుంటడు. ఇది కూడ నిజమే కదా.

ఓవర్‌మెన్_గోదావరిఖని
నిజమే రాజన్నా, దాన్ని ఎవ్వలు కాదంటలేరు. ఏమన్నా అనాల్సొస్తే ఎట్లనాల్నో ఉంటది. పక్కకు పిలువు, అదే షిఫ్టుల పిలువు, వారం తర్వాత తవ్వకు. చేసిన పని చెప్పు, మనిషి గురించి చెప్పకు. "కప్పు బోల్టు రెండు అడుగుల దూరంల పడ్డది, ప్లాన్ల ఇంత ఉన్నది, ఇప్పుడే ఇంకోటి కొడదాం పా" అంటే ఐదు నిమిషాల్ల పని అయిపోతది. "నీకు బుద్ధి లేదు, నీ జన్మంతా గింతే" అంటే వాడు బోల్టు గురించి ఆలోచించడు, నీ గురించి ఆలోచిస్తడు. ఒక దినం తిట్టి, ఇంకో దినం అదే తప్పుకు నవ్వి ఊకుంటే ఇంకా ఆగమైతది. ఏది తప్పో పట్టుకోలేక ఆఖరుకు ఏం చేసినా ఇంతే అని చేతులు ఎత్తేస్తరు.

వర్ధన్నపేట_రాజన్న
ఇట్లనైతే ఒప్పుకుంట. బరిగె నాది నేను కింద పెడుతున్న 🙏

గ్రౌండ్_ఐదున్నర
అందరి మాటలు కాయితం మీద రాసుకున్న. ఆఖరుగ ఒకటి. ఆడపిల్లల బ్యాచ్ కూడ మొదలైతున్నది. 800 మీటర్లు అనంగనే "మాతోని కాదు సార్" అంటున్నరు. ఎన్నడు ఉరకలే వాళ్ళు. మెచ్చుకుందామంటే ఇంకా ఏం చెయ్యనేలే, భయపెడితే రేపు రారు.

ట్రాక్_మూడోలేన్
వాళ్ళకు మాటలు అక్కరలేదు అన్నా, గడియారం చాలు. ఆడపిల్లలకు 800కు 5 నిమిషాల 20 సెకండ్లు ఉంటది, రౌండుకు 2:40. ఇది శానా మందికి తెల్వక 800 అంటే గుడ్లు తేలేస్తరు. 100 మీటర్లకు 38 సెకండ్ల మెల్లటి పరుగు, పక్కనోళ్ళతోని ముచ్చట పెట్టుకుంట పోయేంత, ఆగకుండ పోతే 5:04కే అయిపోతది.

మొదటి దినం 800 అనకు. 100 మీటర్లు 38ల ఎట్లుంటదో నువ్వు పక్కన్నే ఉరికి చూపియ్యి, గింతేనా అంటరు. మొదటి వారం 200 ఉరికి 200 నడువు, నాలుగుసార్లు. రెండో వారం 300 ఉరికి 100 నడువు. మూడో వారం 400 ఆగకుండ, రెండు నిమిషాలు నడక, ఇంకో 400. నాలుగో వారం ఒకనాడు చెప్పకుండ స్టాప్‌వాచ్ పెట్టి 800 పంపు, అయినంక టైము చూపియ్యి. కొందరు ముందే పాసయి ఉంటరు, 5:30, 5:40 వచ్చినోళ్ళకు ఎంత దూరం ఉన్నదో తెలుస్తది. కాదన్న పని తమ కాళ్ళతోని చేసినంక వచ్చే ధైర్యం నువ్వు ఎంత పొగిడినా రాదు.

పాత టైట్ చెప్పులతోని, ఖాళీ కడుపుతోని రావొద్దని చెప్పు. ఒక అరటిపండు, గ్లాసెడు నీళ్ళు, అరగంట ముందు. పరుగు కన్నా లాంగ్‌జంప్ 2.5 మీటర్లు, 4 కిలోల షాట్‌పుట్ 4 మీటర్ల కాడ ఎక్కువ ఆగుతరు, ఆ రెండు మొదటి వారం నుంచే పెట్టు. షాట్ చేతితోని విసురుడు కాదు, కాలు నేలకు తన్ని లేపుడు అని ముందు గుండు లేకుండ చూపియ్యి.